వాచీ చెవిలో చిలుము

"అయిదు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆనందబాబు, తన చేతి వాచీ చూసుకుని. "ఇప్పుడు పదీ నలభై. పదీ నలభై అయిదుకు మీరు లాకప్ గదిలోంచి బయటికి రావాలి. వాచీ మాత్రం చూపించడం కుదరదు. సీలు వేసేశాను. మూడు గంటల ఓడలో కలకత్తా లాబొరేటరీకి పోతుంది."

"పోయింది మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు జీవరాజు.

"వాళ్ళకు తీరిక చిక్కినప్పుడు."

"అందాకా కన్నారావు?"

"జైల్లో ఉంటాడు. ఖూనీ చేసినవాణ్ణి ఇంటికి పంపి పెళ్ళాం చేత వడ్డన చేయించమంటారా, జీవరాజు గారూ?"

జీవరాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకప్పుడు తనూ పోలీసు హెడ్ కానిస్టేబులే. చూడని శవాన్ని చూసినట్టు పంచనామా రాయమన్నారని, రాయనని చెప్పి, బెల్టూ టోపీ బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసిన మనిషి. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ వకీళ్ళకు కేసుల ఆరాలు తీసి పెడుతుంటాడు. ఆనందబాబు రెండేళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చాడు. ఇద్దరూ ఆదివారం డాలీగంజ్ తెలుగు ఆరాధనలో పక్కపక్కనే కూర్చుని ఒకే పుస్తకంలో చూసి పాటలు పాడతారు. సోమవారం తెల్లారితే మాత్రం ఒకరి మాట ఒకరికి గిట్టదు.

కేసు చూడబోతే చిన్నదే. ఆదివారం పొద్దున హార్బరు అవతలి ఒడ్డున హోప్ టౌన్ జెట్టీ మీది గుడిసెలో, పడవల వేళలు రాసుకునే ఘాటు వాచ్‌మన్ గవరయ్యను ఎవరో తెడ్డుతో తల మీద కొట్టి చంపారు. శవం గుప్పెట్లో కన్నారావు వాచీ ఉంది. శవాన్ని మొదట చూసింది లాంచీ యజమాని అప్పలరాముడు. పంచనామా మీద మొదటి సంతకమూ అతనిదే. కిందటి నెల అదే అప్పలరాముడి లాంచీ చీకటి పడే వేళ కన్నారావు డుంగీని గుద్దేసి, ఆగకుండా పోయింది. తెడ్లు వేసుకునే చిన్న పడవ, ఎంతని తట్టుకుంటుంది? అందులో ఉన్న ఇద్దరు ప్యాసింజర్లు మునిగిపోయారు. ఆ ఎంక్వైరీ రేపు బుధవారం. సాక్షులు ఇద్దరు. ఒకరు గవరయ్య, రెండోవాడు కన్నారావు. ఒకణ్ణి పూడ్చారు, ఇంకొకణ్ణి లోపల వేశారు. ఇందులో ఎవరికి లాభమో పసిపిల్లకు కూడా తెలుస్తుంది, ఈ ఇన్‌స్పెక్టరుకు తప్ప. ఆయన లెక్కలో, డుంగీకి ఆ రోజు దీపం లేదని గవరయ్య చెప్పబోతున్నాడట, అందుకని కన్నారావు చంపేశాడట.

లాకప్‌లో కన్నారావు గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి రెండు రోజుల్లో ముసలాడైపోయాడు. జీవరాజు చువ్వల దగ్గర కూర్చుని పరామర్శలు మానేసి సూటిగా అడిగాడు.

"నీ వాచీ ఎప్పుడు పోయింది?"

"పోనేదు బాబూ. అద్దం పగిలితే సుక్కురారం నాడు లాంచీ డబ్బాలో ఏసినాను, జ్ఞానయ్య భయ్యా దుకానుకి. శనారం సాయంత్రం రావాల. రానేదు."

లాంచీ డబ్బా సంగతి జీవరాజుకు తెలుసు. రిపేరుకు పోవాల్సిన వస్తువు కోసం పూట పని మానుకుని ఇవతలి ఒడ్డుకు రావడం హోప్ టౌన్ వాళ్ళకు అలవాటు లేదు. చుక్కాని పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. కళ్ళజోడు, టార్చి లైటు, వాచీ, ఏదైనా సరే, పేరు రాసిన చీటీ చుట్టి అందులో పడేస్తారు. పొద్దున పోయింది సాయంత్రానికో మర్నాటికో తిరిగొస్తుంది. ఏళ్ళ తరబడి అందులోంచి గుండుసూది కూడా పోలేదు.

"ఎవడి మీద సాక్ష్యం చెప్పబోతున్నావో వాడి లాంచీలోనే వాచీ వేశావా?"

"లాంచీ ఆడిది. డబ్బా ఊరిది గదా బాబూ." ఇందులో అడగాల్సిందేముందన్నట్టు చూశాడు కన్నారావు.

"సరే. నీ వాచీకి బెల్టు గట్టిగానే ఉంటుందా? లాగితే ఊడొస్తుందా?"

"ఊడతాదా? మావి బోటోళ్ళ వాచీలు బాబూ. మాకు స్ప్రింగు పిన్నులు పనికిరావు. ఉప్పునీటికి ఆర్నెల్లు ఆగవు, తుప్పట్టి తెగిపోతాయి. తెడ్డేస్తుంటే వాచీ సముద్రం పాలవుతాది. మా అయ్య నూకయ్య బెల్టు తగిలించే చెవుల బెజ్జాలు పెద్దవి సేసి రాగి మేకులు దూర్చినాడు. డుంగీ పలకలకి కొట్టే మేకులే. రెండేపులా సుత్తితో మూతి అణిచేసినాడు. బెల్టు మార్చాలంటే కోసేయాల్సిందే. ఇంకో దారి నేదు."

కన్నారావు వకీలు ఇచ్చిన పంచనామా నకలు జీవరాజు జేబులోనే ఉంది. తీసి మళ్ళీ చదివాడు. 'వాచీకి రెండు వైపులా స్ప్రింగు పిన్నులు కలవు. పన్నెండంకె వైపు పిన్ను యథాస్థానంలో ఉన్నది. ఆరంకె వైపు పిన్ను పెనుగులాటలో ఊడి బెల్టు ముక్కతో సహా శవం పక్కన పడి ఉన్నది.'

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకు చెప్పావా?"

"వాచీ నీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఆపైన నోరు తెరవనిస్తేనా."

జీవరాజు లేవబోతుంటే కన్నారావు చువ్వల్లోంచి చెయ్యి చాపి చొక్కా పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఇంకోటి ఉంది బాబూ. ఆ రోజు డుంగీలో నా ఆడది కూడా ఉంది. నూకరత్నం. జొరంతో టార్పాలిన్ కింద పడుకున్నాది. లాంచీ దీపం ఎయ్యకుండా మీదికొచ్చిందీ, అప్పలరాముడే చుక్కాని పట్టినాడూ, అన్నీ సూసింది. నీళ్ళలోంచి నేనే దాన్ని ఒడ్డుకి లాగినాను. కోర్టుల సుట్టూ తిప్పుతారని ఎవులకీ సెప్పలేదు. నేను పోతే దానికెవులూ నేరు. మీరూ ఎవులకీ సెప్పకండి."

"చెప్పను," అన్నాడు జీవరాజు.

బయటికొచ్చేసరికి ఆనందబాబు వాచీ చూసుకుంటున్నాడు.

"ఆరు నిమిషాలయింది."

"కన్నారావు వాచీకి స్ప్రింగు పిన్నులు లేవు. రాగి మేకులు ఉండేవి. మీరు పట్టుకున్న దానికి పిన్నులున్నాయి. ఎవరో మార్చారు."

"ఎవరో ఎందుకు? వాడే మార్చుకుని ఉంటాడు. మేకులంటూ వాడు చెప్పేది ఎవరు చూడొచ్చారు? చూడండి, లాగితే పిన్ను ఊడుతుంది. నాకే జరిగింది. అబర్డీన్ బజార్‌లో బస్సెక్కుతుంటే తోపులాటలో నా వాచీ అచ్చం ఇలాగే ఊడింది."

"మీ బస్సులో జరిగిందని ఒక మనిషిని ఉరికంబం ఎక్కిస్తారా?"

"మాట జాగ్రత్త, జీవరాజు గారూ. మీరిప్పుడు డిపార్టుమెంటులో లేరు."

"లేను కనకనే నిజం అడుగుతున్నాను. రెండున్నరలోపు వస్తాను. ఆ పొట్లం ఓడ ఎక్కించకండి."

వరండాలో నూకరత్నం పసుపు చీర కట్టుకుని, భోజనం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొగుడికి అన్నం పెట్టనివ్వలేదట. పొద్దుటి నుంచి అడుగుతూనే ఉందట. అది వినేసరికి జీవరాజుకు మళ్ళీ ఒళ్ళు మండింది. "ఇక్కడే కూర్చో అమ్మా. నేనొచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకు," అన్నాడు. ఆమె తల ఊపింది.

హోప్ టౌన్‌కు వెళ్ళాలంటే అప్పలరాముడి లాంచీయే గతి. పదకొండున్నరకు ఎక్కితే పన్నెండుకు దింపింది. అప్పలరాముడు తనే వెంట నడిచి గుడిసె తలుపు తీశాడు. యాభై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, నోటి నిండా భయ్యా, దీదీ, బేటా. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ముందు నిలబడేది తనే.

"సూడండి భయ్యా, అన్నీ ఎక్కడియి అక్కడే ఉన్నాయి. పోలీసోళ్ళు తెడ్డు పట్టుకెళ్ళినారు, అంతే."

గుడిసె ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గోడకు ఆనించి ఒక బల్ల, ముందు ఒక పీట. బల్ల మీద ఘాటు రిజిస్టరు, పెన్సిలు. పీట వెనక మూలలో మట్టికుండ, మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు.

"మీరు ఎన్నింటికి చూశారు?"

"పది నలభై అయిదు. పదకొండుకి నా ఫస్ట్ ట్రిప్పు. టైము రాయించుకుందామని వచ్చినాను. పీట పక్కనే పడున్నాడు పాపం. కుడి గుప్పెట్లో వాచీ."

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"తల ఎనక."

జీవరాజు పీట మీద కూర్చున్నాడు. మొహం గోడకు, వీపు తలుపుకు. రిజిస్టరు తెరిచాడు. చివరి వరసలో, టైము రాసే చోట, 'ఆది. 9-5' అని ఉంది. అయిదు పక్కన ఉండాల్సిన అంకె లేదు. పెన్సిలు గీత కిందికి జారిపోయింది. గవరయ్య రాస్తూ రాస్తూ చచ్చిపోయాడు. వెనక నుంచి ఎవరొచ్చారో కూడా చూడలేదు. మరి అతను ఎవరి చెయ్యి పట్టుకుని లాగాడు? ఇంత ఇరుకు గదిలో ఇద్దరు మగాళ్ళు పెనుగులాడితే ఆ గ్లాసు మూత మీద నిలుస్తుందా?

ఇన్‌స్పెక్టరు గారికి గ్లాసు కనపడలేదు. అర్ధంతరంగా ఆగిన అంకె కనపడలేదు. గుప్పెట్లో వాచీ కనపడగానే కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. జీవరాజు పళ్ళు కొరుకుతూ పేజీలు వెనక్కి తిప్పాడు. కిందటి నెల పదమూడో తారీకు ఉంది. పదిహేనో తారీకు ఉంది. పద్నాలుగు లేదు. డుంగీ మునిగింది పద్నాలుగునే.

"ఈ పేజీ ఏమైంది?"

"తడిసి ఊడిపోయుంటాది భయ్యా. సముద్రం పక్కన కాయితం ఎన్నాళ్ళు ఆగుతాది."

"తడిసి ఊడితే అంచు పీచుపీచుగా ఉంటుంది. ఇది బ్లేడుతో కుట్టు పక్కనే కోశారు."

"ఏమో మరి. కన్నారావే కోసుంటాడు." అప్పలరాముడు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి వాచీ చూసుకున్నాడు. "పన్నెండు నలభైకి లాంచీ ఎళ్ళిపోవాల భయ్యా."

పొద్దుటి నుంచి బుర్రలో వాచీలే తిరుగుతున్నాయి కనక జీవరాజు చూపు ఆ ముంజేతి మీద ఆగింది. తండ్రి కాలం నాటి జేబు గడియారం అది. అటూ ఇటూ గట్టి తీగ కొంకీలు టంకం కరిగించి అతికించి చేతి వాచీ చేశారు. ఒకటే పొడుగాటి తోలు పట్టీ ఒక కొంకీలో దూరి, గడియారం అడుగు నుంచి పోయి, రెండో కొంకీలోంచి బయటికొచ్చింది. చూసి ఊరుకున్నాడు. అప్పటికి దాని విలువ తెలియలేదు.

"అయినా ఇంకెందుకు భయ్యా ఈ పరేషాన్?" అన్నాడు అప్పలరాముడు గుడిసె తలుపు మూస్తూ. "ఒక సాచ్చి పోయినాడు. ఒకడు లోపలున్నాడు. రేపు ఎంక్వైరీలో మాట్లాడేవోళ్ళే నేరు. కిస్సా ఖతమ్. పోయినోళ్ళ పేరు సెప్పి నలుగురికీ బోజనం పెట్టిస్తాను."

మునిగిపోయిన ఇద్దరి పేరు చెప్పి భోజనం. ఆ మాట అంటున్నప్పుడు అతని పెదవి చివర సన్నటి నవ్వొకటి వచ్చి పోయింది. జీవరాజు దాన్ని చూశాడు. ఇక అతని కోపానికి పట్టపగ్గాల్లేకుండా పోయింది.

"ఖతమ్ కాలేదు. ఆ రోజు డుంగీలో కన్నారావు పెళ్ళాం కూడా ఉంది, టార్పాలిన్ కింద. దీపం లేకుండా ఎవరు నడిపారో కళ్ళారా చూసింది. రేపు నూకరత్నం చెబుతుంది. నేను దగ్గరుండి చెప్పిస్తాను. అప్పుడు పెడుదురు గాని భోజనాలు."

అప్పలరాముడు నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. గొళ్ళెం పెట్టి, చేతులు దులుపుకున్నాడు. "అలాగా. మంచిదే భయ్యా. నిజం బయటికి రావాల గదా," అన్నాడు.

లాంచీలో తిరిగొస్తున్నంతసేపూ జీవరాజుకు మనసు మనసులో లేదు. చెప్పనని మాటిచ్చి రెండు గంటలు కాకముందే నోరు జారాడు. కానీ ఆ వెధవ నవ్వు మళ్ళీ గుర్తొచ్చేసరికి, చెప్పాల్సిందే చెప్పానని సర్ది చెప్పుకున్నాడు. ఒంటిగంటా పదికి లాంచీ ఇవతలి ఒడ్డు చేరింది. చేరీ చేరకముందే దూకి, వెనక్కి చూడకుండా అబర్డీన్ బజార్ వైపు నడిచాడు.

జ్ఞానయ్య కంట్లో భూతద్దం బిగించుకుని ఒక గోడ గడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. అరవై ఏళ్ళవాడు, తెలుగు సంఘంలో పెద్ద.

"శుక్రవారం కన్నారావు వాచీ మీ దగ్గరికొచ్చిందా?"

"వచ్చింది. అద్దం మార్చాను."

"బెల్టు విప్పారా?"

"విప్పడానికి పిన్నులుంటే కదా. రాగి మేకులు. బెల్టుతో పాటే బల్ల మీద పెట్టి అద్దం బిగించాను. బోటు వాళ్ళ వాచీలు ఏవొచ్చినా నాకు అదే తంటా."

"శనివారం ఎవరికిచ్చారు?"

"సాయంత్రం అయిదింటికి డబ్బా కోసం అప్పలరాముడే వచ్చాడు. ఎప్పుడూ లాంచీ నడిపే సారంగును పంపేవాడు, ఆ రోజు తనే వచ్చాడు. చీటీ కట్టి డబ్బాలో వేసిచ్చాను."

"ఇంకేమైనా తీసుకున్నాడా?"

జ్ఞానయ్య భూతద్దం కంట్లోంచి తీశాడు, తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. రోడ్డు వైపు చూశాడు.

"జ్ఞానయ్య గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను."

"స్ప్రింగు పిన్నులు రెండు. పిన్ను దించే పుల్ల కూడా అడిగి పట్టుకెళ్ళాడు. తన వాచీకన్నాడు."

"తన వాచీకా? దానికి పిన్ను ఎక్కడ పెడతారు?"

జ్ఞానయ్య తల దించుకున్నాడు. "ఎక్కడా పట్టదు. ఆ కొంకీలు పదిహేనేళ్ళ కిందట నేనే అతికాను."

"తెలిసే ఇచ్చారు."

"అడిగాడు, ఇచ్చాను. ఇంట్లో ఇంకెవరిదైనా వాచీ ఉందేమో అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం గవరయ్య సంగతి విన్నాక అనుమానం వచ్చింది."

"వచ్చి? ఆదివారం పోయింది, సోమవారం పోయింది, ఇవాళ మంగళవారం. నోరు కుట్టుకుని కూర్చున్నారా? మొన్న ఆరాధనలో వాక్యం చదివింది మీరే కదండీ. అబద్ధ సాక్ష్యం పలకొద్దని గొంతెత్తి చదివారు. నేనూ విన్నాను."

"మా లీదియా హోప్ టౌన్ బడిలో టీచరు. రోజూ ఆ లాంచీలోనే వెళ్ళాలి, ఆ లాంచీలోనే రావాలి. నడిసముద్రంలో నా కూతుర్ని ఎవరు చూస్తారు? మీరు చూస్తారా?"

జీవరాజుకు కోపం దిగింది గాని పట్టుదల దిగలేదు. "మీరు ఊరుకుంటే ఆ మనిషి అదే లాంచీ నడుపుతూ ఉంటాడు. మీ అమ్మాయి అందులోనే ఎక్కుతూ ఉంటుంది. పదండి. మీ భూతద్దం తెచ్చుకోండి," అన్నాడు.

జ్ఞానయ్య గోడ గడియారాన్ని గుడ్డతో కప్పి, దుకాణం తలుపులు వేశాడు.

ఠాణా మెట్లెక్కేసరికి రెండూ అయిదు. వరండాలో నూకరత్నం క్యారియరు ఉంది, ఆమె లేదు. పంపు దగ్గరికి వెళ్ళి ఉంటుందనుకుని జీవరాజు లోపలికి దూసుకుపోయాడు. బల్ల మీద పొట్లం. కానిస్టేబులు దాన్ని సంచిలో పెడుతున్నాడు.

"సీలు విప్పండి," అన్నాడు జీవరాజు.

"మీకు మతి పోయిందా?" ఆనందబాబు లేచి నిలబడ్డాడు.

"ఇద్దరు సాక్షుల్ని పిలిచి, కాగితం మీద రాసి, పద్ధతి ప్రకారం విప్పండి. విప్పకపోతే ఎప్పటికైనా సెషన్స్ కోర్టులో జడ్జి గారు విప్పుతారు. అప్పుడు జ్ఞానయ్య గారు చెప్పేది మీరు బోనులో నిలబడి వినాలి. ఇప్పుడైతే కుర్చీలో కూర్చుని వినొచ్చు."

ఆనందబాబు జ్ఞానయ్య వైపు చూశాడు. సంఘంలో పెద్ద, జీవితంలో ఠాణా గడప తొక్కని మనిషి, చేతిలో భూతద్దం పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఆ మనిషిని చూశాకనే ఇన్‌స్పెక్టరు కొంచెం తగ్గాడు. పక్క ఆఫీసు నుంచి ఇద్దరు గుమాస్తాలను పిలిపించి, పావు తక్కువ మూడు దాకా టైముందని తనకు తనే చెప్పుకుని, లక్క పగలగొట్టాడు.

జ్ఞానయ్య వాచీని గుడ్డ మీద పెట్టి వంగి చూశాడు.

"ఈ అద్దం నేను వేసిందే. చెవుల బెజ్జాల చుట్టూ పచ్చటి చిలుము చూడండి. రాగి చిలుము, ఏళ్ళ నాటిది. స్ప్రింగు పిన్ను ఇనుము, దానికి పచ్చ చిలుము పట్టదు. చెవి బయట వైపు ఆకురాయి గీతలు, ఇంకా మెరుస్తున్నాయి. మేకు మూతి అరగదీసి తీసేశారు. ఇంకో మాట బాబూ. ఈ పిన్నులకు చుక్క తుప్పు లేదు. తెడ్డేసేవాడి చేతి మీద ఉన్న పిన్ను వారం తిరక్కుండా రంగు మారుతుంది."

"కన్నారావే మార్చుకున్నాడు. నేను పొద్దునే చెప్పాను," అన్నాడు ఆనందబాబు. గొంతులో మునుపటి ధీమా లేదు.

"అయితే పెట్టుకోండి," అన్నాడు జీవరాజు.

"ఏమిటి?"

"ఊడిన పిన్ను జ్ఞానయ్య గారు మళ్ళీ వేస్తారు. మీ కుడి చేతికి పెట్టుకోండి. ఎవరూ లాగరు."

జ్ఞానయ్య రెండో బెల్టు ముక్కను చెవుల మధ్య పెట్టి పిన్ను దించాడు. బకిలు బిగించాడు. ఆనందబాబు చెయ్యి బల్ల మీద ఆనించి ఉన్నంతసేపూ వాచీ బుద్ధిగా ఉంది. అందరూ అతని వైపే చూస్తున్నారు.

"ఇక చెయ్యి కిందికి దించండి."

దించాడు. చెయ్యి తొడ దాకా కూడా రాలేదు. మేకు కోసం పెద్దవి చేసిన బెజ్జంలోంచి పిన్ను నిలువునా పక్కకు జారిపోయి, వాచీ నేల మీద పడింది. పిన్ను దొర్లుకుంటూ పోయి కుర్చీ కోడు దగ్గర ఆగింది. ఆనందబాబు దాన్ని వంగి తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చెయ్యి దించాడు. మళ్ళీ పడింది.

"తెడ్డు ఎత్తి మనిషిని కొట్టడం దేవుడెరుగు," అన్నాడు జీవరాజు. "ఈ పిన్నులతో ఈ వాచీ పెట్టుకుని ఇంటి నుంచి జెట్టీ దాకా నడవలేం. ఇది ఈ పిన్నులతో ఎవరి చేతికీ ఎప్పుడూ ఎక్కలేదు. రాగి మేకుంటే లాగినా ఊడదు, కోస్తే కత్తి గాటు తెలుస్తుంది. అందుకని పిన్నులు దూర్చి, ఒకటి ఊడదీసి, చచ్చినవాడి గుప్పెట్లో పెట్టాడు. పిన్నులు కొన్నది ఎవరో జ్ఞానయ్య గారిని అడగండి."

"అప్పలరాముడు," అన్నాడు జ్ఞానయ్య. "శనివారం సాయంత్రం అయిదింటికి. తన వాచీకని చెప్పాడు. దానికి పిన్నులు పట్టవు."

ఆనందబాబు కుర్చీలో కూలబడ్డాడు. "పంచనామాలో మొదటి సాక్షి వాడే," అన్నాడు నెమ్మదిగా. "వాచీని నాకు చూపించింది కూడా వాడే. నేను వాడి మాటే రాసుకున్నాను, జీవరాజు గారూ." తర్వాత లేచి గట్టిగా అన్నాడు. "పొట్లం ఓడకు పోదు. కన్నారావు పెళ్ళాన్ని లోపలికి పిలిచి అన్నం పెట్టనివ్వండి. అప్పలరాముణ్ణి నేనే వెళ్ళి తీసుకొస్తాను."

కానిస్టేబులు సంచి కింద పెట్టాడు.

"సాబ్, అప్పలరాముడు భయ్యా ఇందాకే ఇక్కడికొచ్చినాడు. ఒంటిగంటన్నరకి. కన్నారావుకి జామీను దొరికింది, ఇంటికాడి కాగితాలు తెమ్మన్నారు, జల్దీ రా దీదీ అని చెప్పి ఆ అమ్మని లాంచీకి తీసుకెళ్ళినాడు. మీరే పంపినారనుకున్నాను."

జీవరాజు మెట్లు ఎలా దిగాడో తెలియదు. వెనక ఆనందబాబు బూట్ల చప్పుడు. అబర్డీన్ జెట్టీ చివరికొచ్చి నిలబడేసరికి రెండూ ముప్పై అయిదు. హోప్ టౌన్ దారిలో ఒక్క పడవ లేదు. లాంచీ దూరంగా హార్బరు నోటి దగ్గర ఉంది, అలలు పెద్దవయ్యే చోట. అక్కడ జెట్టీ లేదు, ఇల్లు లేదు, దాటితే ఒట్టి సముద్రం. వెనక భాగంలో పసుపు చీర ఒకటి కనిపిస్తోంది. చుక్కాని దగ్గర తెల్ల పంచె. సారంగు లేడు.

ఆనందబాబు ఈల వేసి పోలీసు బోటు వాళ్ళను కేకేశాడు. ఇంజను అంటుకోవడానికి రెండు నిమిషాలు పడుతుందన్నారు. అతను రొప్పుతూ జీవరాజు వైపు తిరిగాడు.

"నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. వాడికి ఈవిడతో ఏం పని? ఈవిడ సాక్షి కాదు కదా."

"సాక్షే. ఆ రోజు డుంగీలో ఉంది. కన్నారావు ఇవాళ పొద్దున్నే నాకొక్కడికే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"మరి వాడికెవరు చెప్పారు?"

లాంచీ హార్బరు నోరు దాటుతోంది. జీవరాజు దాని వంకే చూస్తున్నాడు.

"నేనే," అన్నాడు.